మా వసారాలో కుష్ఠు సినిమా

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తారు. వచ్చీ రాగానే ఫోను నా చేతిలో పెట్టి తాము తీసిన వీడియోలు చూపిస్తారు. చేతులు కడుక్కోవడం మీద ఒకటి, దోమల మీద ఒకటి. బాగానే ఉంటాయి, కాదనను. చూపించడం అయ్యాక "మీ రోజుల్లో ఇలాంటివేం లేవు కదమ్మా, పాపం" అంటారు. ఆ "పాపం" దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు లేవే? ఏకంగా మా ఇంట్లోనే సినిమా తీశారు. మీలా ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో జడ సర్దుకుంటూ తీసింది కాదు. జీపు నిండా సామాను, ఆ సామానుకి తగ్గ మనుషులు, ఆ మనుషులకి పూటపూటా తిండి. సినిమాకి వాళ్ళు ఏదో మంచి పేరే పెట్టారు, నాకిప్పుడు గుర్తు లేదు. ఊళ్ళో మాత్రం అందరూ కుష్ఠు సినిమా అనే అన్నారు.

ఆ సంగతి చెప్తాను, వినండి. ఉద్యోగం తలుచుకుని చేతులెత్తి దండం పెట్టుకోవాలనిపించే రోజులు నాకు కొన్ని ఉన్నాయి. వాటిలో ముందు చెప్పాల్సింది ఆ రోజే.

నేను ఏఎన్ఎంగా పనిచేసిందంతా ఉద్దానంలో. పలాస నుంచి సముద్రం వైపు వస్తుంటే ముందు జీడితోటలు, తర్వాత కొబ్బరితోటలు, మధ్యమధ్య ఊళ్ళు. నా పుట్టిల్లు టెక్కలి. మెట్టినిల్లూ ఉద్యోగమూ ఒక్కచోటే కుదిరాయని, ఎంత అదృష్టవంతురాలివో అని మావాళ్ళందరూ అనేవారు. మా అత్తగారితో ఒక్క వారం ఉండి చూస్తే ఆ మాట అనేవారు కాదు. ఆవిడ నోటికి జడిసి వీధి కుక్కలు కూడా మా గుమ్మం ముందు మొరిగేవి కావు. మా ఆయన కొబ్బరికాయల లోడు వెంట ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఇంట్లో మిగిలేది ఆవిడా, నేనూ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో కుష్ఠు పని మా మీద పడింది. అంతకుముందు దానికి వేరే మనుషులుండేవారు. ఇంటింటికీ వెళ్ళి స్పర్శ తెలియని మచ్చలున్నాయేమో చూడటం, ఉన్నవాళ్ళకి నెలనెలా మాత్రల అట్ట ఇవ్వడం, మొదటి మోతాదు మా కళ్ళెదుటే మింగించడం. అది మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే నెత్తురు పోతోందని ఇల్లంతా గగ్గోలు పెట్టేవారు.

అలా మందు వాడి బాగైన వాళ్ళలో మా పక్క ఊరి మనిషి ఒకావిడ ఉండేది. వయసులో ఉన్నప్పుడు పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేదట. యాభై దాటినా గట్టి మనిషి. జబ్బు పూర్తిగా పోయింది, ఇక మందక్కర్లేదని డాక్టరుగారే చెప్పారు. కానీ మందు మొదలుపెట్టేటప్పటికే ఎడమచేతి చివరి వేళ్ళు రెండూ లోపలికి వంగిపోయాయి. మందు జబ్బుని చంపుతుంది గానీ వంగిన వేలిని చాచదు. ఈ ఒక్క ముక్క జనానికి ఎక్కించేసరికి నా తాతలు దిగివచ్చారు. వేలు వంగి ఉంటే జబ్బు ఉన్నట్టే, అదీ వాళ్ళ లెక్క.

ఆవిడ కోడలి లెక్కా అదే. కోడలు చెడ్డదని నేననను. చంటిపిల్ల తల్లి, తన భయం తనది. అత్తని ఊరవతల వాళ్ళ జీడితోటలో పాక వేసి ఉంచారు. పూటపూటా కొడుకు గిన్నెతో కూడు తెచ్చి పాక ముందు రాయి మీద పెట్టేవాడు. పలకరించేవాడు, నవ్వేవాడు, అంతా దూరం నుంచే. ఆవిడ తిని, గిన్నె తనే తోముకుని, ఆ రాయి మీదే బోర్లించేది. ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. తనకి జాగా ఇచ్చినందుకు అందరికీ బాకీ పడ్డట్టు ఉండేది. "ఒక్కపాలి ఇంట్లో అందరితోటి వరసలో కూకొని తినాలని ఉంది నర్సమ్మా. మరేటీ అక్కర్నేదు" అనేది నాతో.

కోడలికి చెప్పి చూశాను. ఒకసారి కాదు, వెళ్ళినప్పుడల్లా. "నువ్వు సెప్తావు నర్సమ్మా, నీదేటి పోద్ది? రేపు నా గుంటకి తగులుకుంటే నువ్వొచ్చి పెంచుతావా?" అనేది. దానికి నా దగ్గర ట్రైనింగులో నేర్పిన జవాబు ఉంది. అది చెప్తుంటే ఆ పిల్ల లేచి గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళిపోయేది.

అలాంటి రోజుల్లో కుష్ఠు మీద చిన్న సినిమా తీయించి ఊరూరా చూపించాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. విశాఖపట్నం నుంచి కుర్రాళ్ళ బృందం దిగింది. డైరెక్టరు గడ్డం పెంచుకున్న కుర్రాడు. మంచివాడే, కాకపోతే దేన్ని చూసినా రెండు చేతుల వేళ్ళతో చదరం కట్టి అందులోంచి చూసేవాడు. "ఆ బాబుకి సూపు ఆనదేటే?" అని మా అత్తగారు నన్ను గుట్టుగా అడిగింది.

కథ చిన్నదే. జబ్బు నయమైన ఒకావిడ తన అప్ప ఇంటికి వస్తుంది. అప్ప అంటే మా వైపు అక్క. అప్ప ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెడుతుంది. దానికి ముందు నర్సు వచ్చి మందివ్వడం ఒక ముక్క. అంతే.

షూటింగుకి మా ఊళ్ళో ఒక పెద్దాయన డాబా మాట్లాడారు. అది ఏ జబ్బు సినిమానో తెలియగానే ఆయన "మా ఇంట్లో పెళ్ళిమాటలు నడుస్తున్నాయి, కుదరదు" అనేశాడు. ఆ ఇంట్లో ఉండేది ఆయన, ఆయన భార్య, ఒక గేదె. పెళ్ళి ఎవరికో ఆయనకే తెలియాలి. మా డాక్టరుగారు నా వైపు చూశారు. పైవాళ్ళు అలా చూస్తే మన మెడ దానంతట అదే ఊగుతుంది. "మా ఇల్లుంది సార్" అన్నాను. అన్నాక అత్తగారు గుర్తొచ్చింది.

"నా ఇంట్లోనా? పెద్దజబ్బు సినిమా నా ఇంట్లోనా? ఊర్లో మరి ఇల్లే నేవా?" అని ఇంతెత్తున లేచింది. కాసేపు గిన్నెలు ఎత్తి పడేసింది. తర్వాత "టీవీలో వత్తాదేటి?" అంది. రావచ్చేమో అన్నాను. "అయితే గోడలకి సున్నమెయ్యాల" అంది. ఆవిడ ఒప్పుకునే పద్ధతి అది.

తీరా షూటింగు రోజు పొద్దున, వేషం వేయాల్సిన ఆవిడ రాలేదు. నాటకాల్లో వేసే మనిషిని మాట్లాడుకున్నారు. నౌపడ స్టేషనుకి జీపు పంపితే ఖాళీగా తిరిగొచ్చింది. వేరే ఊళ్ళో నాటకం తగిలిందట. మర్నాటికి సామానంతా ఇంకోచోటికి పోవాలి. డైరెక్టరు మా అరుగు మీద తల పట్టుకు కూర్చున్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళని బతిమాలితే "ఆ రోగం మనిసి ఏసం మేం కట్టం" అని నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని జారుకున్నారు. అప్పుడు నాకు తోటలో పాక తట్టింది.

మా సూపర్‌వైజరు గారు వద్దన్నారు. ఆయనదీ టెక్కలే, చర్చిలో సంఘపెద్ద. మీటింగు ప్రార్థనలా మొదలుపెట్టి సంతలా ముగించేవారు, కానీ అవసరమైన మాట అవసరమైన చోట చెప్పేవారు. "నాటకం మనిషైతే వేషం తీసేసి ఇంటికి పోతుందమ్మా. ఆవిడకి తీసెయ్యడానికి ఏముంది? ఊరూరా ముఖం తెలిసిపోతుంది. అడిగేముందు ఆలోచించు" అన్నారు. నిజమే కదా. పాక దగ్గరికి వెళ్ళి ఆ మాటే ముందు చెప్పాను, ఏదీ దాచకుండా.

ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ విన్నది. "ఊరందరికీ తెలిసిందే కదా నర్సమ్మా. దాసడానికి ఇంకేటున్నాది?" అంది. మళ్ళీ తనే "ఆ సినిమా మావూరు వత్తాదా?" అని అడిగింది. వస్తుందన్నాను. "మా కోడలు సూత్తాదా?"

"అందరికీ చూపిస్తారు."

ఆవిడ పాకలోకి వెళ్ళి, ఉన్న రెండు చీరల్లో మంచిది కట్టుకుని వచ్చి జీపెక్కింది.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు అటక మీంచి సొట్టలు పోయిన అల్యూమినియం కంచం ఒకటి దింపి కడుగుతోంది.

"అదెందుకత్తా?"

"ఆవిడికి."

"నయమైపోయిందత్తా. పక్కన కూర్చుని తిన్నా ఏం కాదు. నీకెన్నిసార్లు చెప్పాను?"

"నువ్వు సెప్పింది నమ్మినాను. మనసు కూడా నమ్మాల గదేటే?"

నాకు తిక్కరేగి ఏదో అనబోతుంటే డైరెక్టరు వచ్చి, చూడ్డానికి కంచాలన్నీ ఒక్కలాంటివే ఉండాలన్నాడు. సొట్ట కంచం మళ్ళీ అటకెక్కింది. నా ట్రైనింగు చెయ్యలేని పని ఆ కుర్రాడి ముచ్చట చేసిపెట్టింది.

ఇక అప్ప వేషం. దానికి కూడా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు. డైరెక్టరు తన చదరంలోంచి మా అత్తగారిని చూశాడు.

"అమ్మా, మీరే చెయ్యాలి."

"నాకు నటన రాదు బాబూ."

"నటించొద్దమ్మా. రోజూ ఇంట్లో ఎలా ఉంటారో అలాగే ఉండండి."

"రోజూ ఇంట్లో ఉన్నట్టుంటే నీ కెమేరా పగిలిపోద్ది" అంది ఆవిడ. అలా అంటూనే లోపలికెళ్ళి కళ్యాణాలకి కట్టే చీర తీసుకుంది. దాన్ని మార్పించి మామూలు చీర కట్టించేసరికి డైరెక్టరు తలప్రాణం తోకకొచ్చింది.

అప్పటికి దడి చుట్టూ జనం. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. హీరో ఎవరని ఒకటే గోల. హీరో లేడు, నేనే నర్సునన్నాను. "ఓలమ్మ, నిన్ను రోజూ సూత్తన్నాం కదా" అని నిరాశపడ్డారు. పొద్దున ముందు నా ముక్క తీశారు. అన్నేళ్ళుగా ఇస్తున్న మాత్ర, కెమెరా ముందుకొచ్చేసరికి చేతిలోంచి జారి కింద పడింది. మా కోడి వచ్చి దాన్ని గుటుక్కుమనిపించింది. మోతాదు కళ్ళెదుటే మింగించాలని కదా రూలు, ఆ రోజు రూలు పూర్తిగా పాటించింది మా కోడే. ఆ తర్వాత కోళ్ళన్నిటినీ గంపల కింద మూసి, జనాన్ని దడి అవతలికి తోసి, లైట్ల వాళ్ళకి టీలు కాచి, వాళ్ళ చెప్పులు వంటింటి గడప దాటకుండా కాపలా కాశాను. సినిమాలో సాయం చెయ్యడమంటే అదీ.

భోజనం ముక్క దగ్గరికొచ్చేసరికి ఇంకో రభస. డైరెక్టరు అసిస్టెంటు ఒక గిన్నెలో పసుపునీళ్ళు కలిపి తెచ్చాడు. పప్పులా కనిపిస్తుందట, ఎలాగూ తినేది నోటి దాకానే కదా అన్నాడు. మా అత్తగారు ఆ గిన్నె చూసింది. "ఇదేటి?"

"పప్పండీ. షూటింగుకి."

"నా ఇంట్లో కంచంలో ఉత్తుత్తి కూడు ఎడతావా? ఎవులికైనా సరే, కూకోబెట్టి పసుపునీల్లు పోత్తావా? ఆడదాని ఉసురు తగుల్తాది నాయినా!" అని గిన్నె లాక్కుని పెరట్లో పారబోసింది. కెమెరా వాళ్ళంతా కాసేపు ఆగి ఉంటే, ఆవిడ కూర్చుని కందిపప్పు ఉడికించి, పోపు పెట్టి, మెత్తళ్ళ ఎండుచేపలు వేయించింది. ఆ వాసనకి దడి బయట జనం పక్కూరి దాకా పెరిగారు.

వసారాలో చాప వేశారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. అప్ప వడ్డిస్తుంది, ఇద్దరూ తింటారు, చెల్లెలు "అప్పా, ఎన్నాళ్ళకి తిన్నాను" అనాలి. మొదటిసారి ఆవిడ చాప చివర, నేల మీద కూర్చుంది. జరగమంటే జరిగింది గానీ వంగిన చేతిని కొంగులో దాచింది. చెయ్యి బయటికి పెట్టమంటే పెట్టింది గానీ "అప్పా" అనడానికి బదులు "అమ్మగారూ" అంది. పోనీ అదీ సర్దుకుందామనుకున్నాడు డైరెక్టరు. కట్ అన్నాడు.

కట్ అనగానే ఆవిడ లేచింది. సగం తిన్న కంచం తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళి, మిగిలింది కుడితి తొట్లో వేసి, బూడిదతో పీచుతో బరబరా తోమి, ఓ వారన బోర్లించి, వచ్చి ఒద్దికగా నిలబడింది.

డైరెక్టరు లబోదిబోమన్నాడు. "అమ్మా, కంచం అక్కడే ఉండాలి, అన్నం అంతే ఉండాలి, మళ్ళీ అక్కణ్ణించే తీస్తాం" అని బోధపరిచాడు. ఆవిడ తలూపింది. మళ్ళీ వడ్డించారు. మళ్ళీ కట్. మళ్ళీ నూతి దగ్గరికే. తినడం ఆగితే తన కంచం తను కడిగి ఎవరికీ తగలకుండా బోర్లించాలన్నది ఆవిడ ఒంటికి అలవాటైపోయింది. మెదడు వద్దన్నా కాళ్ళు ఆగడం లేదు. అసిస్టెంటు ఒకసారి వెనకే పరిగెత్తి, కంచం అందుకోబోయి, చెయ్యి సగంలో ఆపేశాడు. 

మా వైపు ఎంగిలి కంచం మర్యాదలు మీకు కొత్తగా చెప్పాలా? చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కంచం ఎత్తుతారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ ఎంగిలి ఎత్తడమంటే అది కన్నబిడ్డదై ఉండాలి, లేకపోతే తోడబుట్టినదానిదై ఉండాలి. పరాయి మనిషిది ఎత్తడమన్న ప్రసక్తే లేదు. అందుకే ఎవరూ కదల్లేదు. నేను వెళ్ళి ఆవిడ చేతిలో కంచం అందుకోబోయాను. దడి అవతల నుంచి ఎవరో ఆడమనిషి అంది, "ఆయమ్మ గవర్నమెంటు మనిసి. ఆయమ్మకి తప్పదు." ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేను ఎన్ని కంచాలెత్తినా అది నా డ్యూటీ కింద జమ. కోడలి మనసు మారకపోవడానికి కారణం కూడా అదే కదా అని అప్పుడు తెలిసింది.

అంతలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో మధ్యాహ్నం కోత మామూలే. లైట్లు ఆరిపోయాయి. కెమెరా అతను కెమెరా మీద తువ్వాలు కప్పి కొబ్బరిచెట్ల కిందికి వెళ్ళాడు. డైరెక్టరు స్తంభానికి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ కంచంతో వసారాలోకి తిరిగొచ్చింది. అక్కడ కంచాల ముందు ఆవిడా, మా అత్తగారూ, ఇద్దరే మిగిలారు. ఆవిడ మళ్ళీ లేవబోయింది.

"ఏటే, ఎక్కడికే లెగుత్తన్నావు?" అంది మా అత్తగారు.

"కంచం కడిగేత్తాను అమ్మగారూ."

"పొద్దుట్నించి సూత్తన్నాను. నానొండిన పప్పు నోట్లో ఎట్టుకోవడం, నూతికాడికి పరిగెత్తడం! నా వంట అంత సేదుగున్నాదేటి?"

"అది కాదు అమ్మగారూ..."

"మరేటి? కూకో. కూకోయే అంటే!"

ఆవిడ కూర్చుంది. మా అత్తగారు మళ్ళీ అన్నం పెట్టింది, తనూ పెట్టుకుంది. కట్ అనేవాడు లేడు. ఇద్దరూ తిన్నారు. మధ్యలో మా అత్తగారు "ఉప్పు సరిపోనాదా?" అని అడిగింది. మా ఇంట్లో ఆ ప్రశ్నకి సరిపోయిందనే చెప్పాలి. మా ఆయన పెళ్ళికి ముందు నుంచీ అలాగే చెప్తున్నాడు. ఆవిడ కాస్త ఆలోచించి, "కూసింత తక్కువే" అంది.  మా అత్తగారు ఆవిడ వైపు ఎగాదిగా చూసి, "అమ్మీ, ఉప్పట్రా" అని నన్ను కేకేసింది.

తినడం అయింది. ఆవిడ చెయ్యి కంచం మీదికి వెళ్ళింది. మా అత్తగారు ఆ చేతి మీద, ఆ వంగిన వేళ్ళ మీద ఫట్‌మని ఒక్కటి వేసింది. "ఊరుకోయే. పొద్దుట్నించి ఒకటే తోముడు." ఆవిడ కంచం తీసి తన కంచం మీద పెట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆన్చి మూలుగుతూ లేచి, నూతివైపు నడిచింది.

"ఓలప్పా! ఏటి సేత్తన్నావప్పా! ఒద్దప్పా, ఒద్దు!" అని ఆవిడ రెండు చేతులూ చాచి వెనకే పరిగెత్తింది. ఆవిడ అంత గట్టిగా అరవగలదని నాకు అప్పుడే తెలిసింది. పొద్దుట్నించి డైరెక్టరు ఎంత బతిమాలినా రాని "అప్పా" అన్న మాట దడి అవతలి దాకా వినపడింది.

మా అత్తగారు వెనక్కి తిరగలేదు. రెండు కంచాలూ ఒక్క పీచుతోనే తోమింది, ఒక్క చెంబుతోనే కడిగింది. చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, కళ్ళు తెరిచి బిక్కచచ్చి చూస్తున్న డైరెక్టరుతో, "సెల్లి కంచం అప్ప ఎత్తకపోతే ఎవులెత్తుతారు? నీ కతలో అంతే కదేటి బాబూ?" అంది.

ఆ కుర్రాడి కళ్ళల్లో నీళ్ళు. నా సంగతి అడగొద్దు, నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. "అమ్మా, కరెంటొచ్చాక అదే మళ్ళీ ఒక్కసారి చెయ్యండి, మీకు దండం పెడతాను" అని అతను వెంటపడ్డాడు.

"ఆకలేత్తే మల్లీ తింతాం గానీ, కడిగిన కంచాలు మల్లీ కడగమంటావేటి? నాకింకేటీ పన్నేదా?" అంది ఆవిడ. ఎంత చెప్పినా వినలేదు. కాబట్టి ఆ సంగతి ఏ కెమెరాలోనూ లేదు.

కళ్ళు తుడుచుకుని బయటికొచ్చేసరికి దడి అవతల, జనంలో, చంకలో పిల్లనేసుకుని ఆవిడ కోడలు కనపడింది. అందరిలాగే షూటింగు చూడ్డానికొచ్చినట్టుంది. నోరు కొద్దిగా తెరిచి నూతి దగ్గర బోర్లించిన కంచాల వైపే చూస్తోంది. నాతో చూపు కలవగానే తల తిప్పుకుని జనంలో కలిసిపోయింది.

కరెంటొచ్చాక భోజనం ముక్క ఒక్కసారికే అయిపోయింది. ఆవిడ లేవలేదు. మర్నాడు మా అత్తగారిని అడిగాను, "ఏమత్తా, మనసు నమ్మిందా మరి?" అని. "ఏమో. కోపమొచ్చేసింది. కోపంలో మనసు సంగతి ఎవులు సూసేరు?" అంది. ఆవిడ కోపానికి అన్నేళ్ళు లోపల్లోపల తిట్టుకున్నదాన్ని, ఆ ఒక్క కోపానికి మాత్రం కాళ్ళకి మొక్కాలనిపించింది.

సినిమా సంగతి ముందు చెప్పేస్తాను. కొన్ని నెలలకి వచ్చింది. పంచాయతీ ఆఫీసు వరండాలో టీవీ పెట్టి చూపించారు. ఆవిడ చక్కగా కనపడింది. నేను వెనక నుంచి కనపడ్డాను. మా అత్తగారిది గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రమే పడింది. "సున్నమేయించింది దీనికోసమేటి?" అని ఆవిడ ఆ డైరెక్టరుని చాలాకాలం తిట్టింది. నేను మాత్రం ఆ కుర్రాణ్ణి ఏ రోజూ ఏమీ అనుకోలేదు. అతని సినిమా లేకపోతే ఆ ఇద్దరూ ఒక్క చాప మీద కూర్చునేవారా?

ఇక అసలు సంగతి. షూటింగు అయిన వారంలో పిల్లకి టీకా వేయించడానికి కోడలు మా సబ్‌సెంటరుకి వచ్చింది. టీకా అయ్యాక కూడా వెళ్ళకుండా నసిగి, "మీ అత్త బాగున్నాదా?" అంది. బాగుందన్నాను. తర్వాత మజ్జిగకని ఒకసారి, కరివేపాకుకని ఒకసారి మా ఇంటికి వచ్చింది. వాళ్ళ పెరట్లో కరివేపచెట్టు మా దానికంటే పెద్దది. వచ్చిన ప్రతిసారీ మా అత్తగారి ముందు కూర్చుని ఆవిడ చేతులకేసే చూసేది. "ఆ పిల్లకేటే, నా గాజులు గానీ కావాలేటి?" అని మా అత్తగారికి అనుమానం. నేను సంగతి చెప్పాను. ఆ తర్వాత కోడలు వచ్చినప్పుడు ఆవిడ రెండు చేతులూ ఆ పిల్ల ముఖం ముందు చాపి, "సూడు. తిరగేసి సూడు. నిన్న పీతల పులుసు కూడా తిన్నాయి" అంది. కోడలు సిగ్గుతో చచ్చిపోయింది, కానీ చూసింది. తిరగేసి కూడా చూసింది.

ఆ తర్వాత చాలాకాలం ఏమీ జరగలేదు. కోడలు రావడం మానేసింది. నేను తోటకి వెళ్తే ఆవిడ అలాగే నెమ్మదిగా, అలాగే ఒద్దికగా ఉండేది. అడిగితే "పోన్లే నర్సమ్మా" అనేది. ఇక నేను ఆశ వదులుకున్నాను.

జీడిమామిడి పూతకొచ్చిన రోజుల్లో ఒకనాడు, ఆవిడ చేతికీ కాలికీ పుళ్ళేమైనా పడ్డాయేమో చూద్దామని తోటకి వెళ్ళాను. పాకలో ఆవిడ లేదు. చాప లేదు, కుండ లేదు. రెండు మేకలు కట్టేసి ఉన్నాయి.  ఎక్కడికైనా పంపించేశారా, లేక నాకు కబురు కూడా లేకుండా మనిషి పోయిందా? పరుగులాంటి నడకతో ఊళ్ళోకి వెళ్ళాను. వీధి మొగలోకి రాగానే వాళ్ళింట్లోంచి కేకలు వినపడ్డాయి. ఒక గొంతు కోడలిది. రెండోది ఎవరిదో పోల్చుకోవడానికి నాకు కాస్త టైము పట్టింది.

"నా కొడుకు సోడంబలి తాగే ఇంతోడైనాడు! ఆడికేటైనా తక్కువైనాదా?"

"ఒద్దని సెప్పినానా నేదా? గుంటకి జలుబు సేసింది, అంబలి పట్టకు అని సెప్పినానా? నా మాటంటే నెక్కనేదు నీకు!"

"నీ మాటేటే? పిల్లల్ని పెంచడం నిన్ను సూసి నేర్సుకోవాలేటి నేను?"

దడి మీంచి చూశాను. ఆవిడ గడపలో కాళ్ళు బారజాపి కూర్చుంది. మనవరాలు ఒళ్ళో ఉంది, మూతినిండా చోడి అంబలి, అదే రాగి జావ. గిన్నె వంగిన వేళ్ళ మధ్య ఇరికించి, కుడిచేత్తో పట్టిస్తోంది. ఇద్దరూ అంబలి గురించి వీధంతా వినేట్టు తగువాడుకుంటున్నారు. ఏ చేత్తో పట్టిందన్న మాట ఆ తగువులో ఎక్కడా లేదు.

కోడలు నన్ను చూసింది. నీళ్ళ చెంబు నా చేతికిచ్చి, కొంగు బిగించి మొదలుపెట్టింది. "నువ్వే సూడు నర్సమ్మా! తోటలో ఉన్నంతకాలం గంగిగోవులాగుండేది. ఇంటికి తెచ్చి వారం కానేదు, నా మీద పెత్తనం! నువ్వూ మీ అత్తా కలిసి ఏటి తెచ్చి నా నెత్తినెట్టినారో ఇప్పుడు సూడు!"

ఆ చెంబు పట్టుకుని నేను నవ్వుతూ ఏడ్చాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జనం నాకు ఎన్నో ఫిర్యాదులు చేశారు. అంత కమ్మటి ఫిర్యాదు అదొక్కటే.